8 నిమిషాల 49వ సెకను దగ్గర ఏం జరిగింది?

హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక మూడంతస్తుల ఇల్లు. పైన రేకుల గది. మే నెల ఉక్క. గదిలో నలుగురు కుర్రాళ్ళు, ఒక లాప్‌టాప్, ఒక టేబుల్ ఫ్యాను, ఖాళీ టీ గ్లాసులు. నలుగురి కళ్ళూ ఒకే చోట వున్నాయి. లాప్‌టాప్ తెరమీద ఒక నీలం గీత నత్తలా కుడివైపుకి పాకుతోంది. 61 శాతం... 62... 63...

ఆగిపోయింది!

“ఏమైతున్నదో సమజైతలేదన్నా! ఇది మూడోసారి” అన్నాడు ఎడిటర్ కుర్రాడు నావైపు తిరిగి. కరీంనగర్ అబ్బాయి. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. పక్కన దర్శకుడు, గుంటూరు జిల్లా. గోడకి ఆనుకుని తలపట్టుకున్నాడు. అప్పుడు సాయంత్రం 7 గంటలు. రాత్రి 12 లోగా చిత్రం పోటీవాళ్ళకి అందాలి. అందకపోతే మూడు నెలల కష్టం, స్నేహితుల దగ్గర చేసిన అప్పు గోవిందా!

షార్ట్ ఫిలిం కుర్రాళ్ళ మీద ఒక పేజీ రాద్దామని ఆ గదికి వెళ్ళాను. హీరోయిన్ ఎవరు, కథేమిటి, ఎక్కడ తీశారు... ఇలాంటి నాలుగు ప్రశ్నలు రాసుకుని మరీ వెళ్ళాను. ఆ కాగితం జేబులోంచి తీసే అవకాశమే రాలేదు. సాయంత్రం ఏడు నుంచి అర్ధరాత్రి దాకా ఆ గదిలో నడిచింది అసలు సిసలు సస్పెన్స్ చిత్రం. హీరో లేడు, విలన్ మాత్రం వున్నాడు. వాడి పేరు రెండరింగ్!

మీలో చాలామంది ఫోనుతోనో, అద్దె కెమెరాతోనో ఏదో ఒకటి తీసే వుంటారు. కాబట్టి ఈ విలన్‌ని మీకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. తియ్యనివాళ్ళకి మాత్రం రెండు ముక్కలు.

కంప్యూటర్లో మీరు షాట్లు కత్తిరించి, అతికించి, రంగులు దిద్ది, పాట వేసి చూసుకుంటారు. చిత్రం తయారైపోయిందనుకుంటారు. తయారవలేదు! అక్కడున్నది ఒక జాబితా మాత్రమే. ‘ఫలానా షాట్ ఇక్కణ్ణించి ఇక్కడిదాకా, దానిమీద ఫలానా రంగు, ఆ తర్వాత ఫలానా షాట్’ అని రాసిపెట్టుకున్న చిట్టా అన్నమాట. ఆ చిట్టా ప్రకారం ఒక్కొక్క ఫ్రేమునీ నిజంగా తయారుచేసి, ఒకే ఫైలుగా కుట్టడమే రెండరింగ్. పాతకాలంలో ల్యాబ్‌లో మొదటి కాపీ వేయించడం లాంటిదే.

అంత కష్టమా అంటారేమో. లెక్క చూడండి. హై డెఫినిషన్ ఫ్రేము అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080. అంటే ఒక్క ఫ్రేములో 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. సెకనుకి 24 ఫ్రేములు. వున్నది వున్నట్టు దాస్తే ఒక్క నిమిషం బొమ్మకే దాదాపు 9 జీబీ కావాలి! మన కుర్రాళ్ళ చిత్రం 14 నిమిషాలు, అంటే 20,160 ఫ్రేములు. ఇన్నిటినీ లెక్కగట్టి, మళ్ళీ నలిపి చిన్న ఫైలుగా చెయ్యాలి. పాపం, ఆ లాప్‌టాప్ ఆయాసపడిందంటే ఆశ్చర్యం లేదు.

కానీ మూడుసార్లూ 63 దగ్గరే ఎందుకు ఆగింది?

కింది వాటా పెద్దాయన

నాలుగోసారి మీట నొక్కబోతున్నారు. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పైజమా, బనీను, మెడలో తువ్వాలు. కింది వాటాలో వుండే పెద్దాయన.

“ఒరే అబ్బాయిలూ! పొద్దుట్నించీ ఆ అమ్మాయి ‘నాకు తెలుసు నాన్నా’ అనే డైలాగు నలభైసార్లు చెప్పింది. మాకూ తెలిసిపోయింది. కాస్త సౌండ్ తగ్గించండి నాయనా!”

నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వే స్థితిలో లేరు. సంగతి చెప్పారు. ఆయన లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. మద్రాసులో అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేశారట. మూవియోలా మీద చెయ్యి తిరిగిన మనిషి. పరిశ్రమతోపాటే ఆయనా హైదరాబాదు వచ్చేశారు. కంప్యూటర్ మీద మాత్రం ఎప్పుడూ పనిచెయ్యలేదు.

“ఎన్నో అడుగు దగ్గర ఆగింది?” అన్నారు.

కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. “అడుగులేంటి అంకుల్? 63 పర్సెంట్.”

“పర్సెంట్ నాకెందుకురా? ఏ బొమ్మ దగ్గర ఆగిందో చెప్పు!”

అక్కడ తిరిగింది కథ! మూడుసార్లు ఆగితే మూడుసార్లూ మొదలెట్టారు గానీ, ఏ బొమ్మ మీద ఆగిందో ఒక్కరూ చూసుకోలేదు. ఎడిటర్ కుర్రాడు నాలుగోసారి నొక్కి, ఈసారి పక్కనున్న చిన్న కిటికీలో కదిలే బొమ్మ మీదే దృష్టి పెట్టాడు. మళ్ళీ ఆగింది. కాగితం మీద రాశాడు: 8 నిమిషాల 49వ సెకను.

పెద్దాయన వేళ్ళ మీద లెక్క కట్టారు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. “794 అడుగుల దగ్గర!” అన్నారు తృప్తిగా. ఆ లెక్క ఆ పూట ఎవరికీ పనికిరాలేదనుకోండి. కానీ అడిగిన పద్ధతి పనికొచ్చింది.

ఆ పద్ధతి ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఆయనే చెప్పారు. నెగెటివ్ అంచున అడుగుకొక నెంబరు వుంటుంది. అడుగంటే 16 ఫ్రేములు. నెగెటివ్ మీదున్న నెంబరే రష్ ప్రింటు అంచున కూడా పడుతుంది. ఎడిటర్ రష్ ప్రింటు కత్తిరించి చిత్రాన్ని కూర్చాక, ఆ నెంబర్లు చూసుకుంటూ అసలు నెగెటివ్ కత్తిరించేవారు. అసిస్టెంటు ఉద్యోగమంతా ఆ నెంబర్ల పుస్తకంలోనే! ప్రింటు మీద గీత పడిందా, జంప్ వచ్చిందా, “ఏ నెంబరు?” అన్నదే మొదటి ప్రశ్న. నెంబరు చెప్పకుండా “బొమ్మ బాగాలేదండీ” అంటే ఎడిటర్ గారు కత్తెర విసిరేవారట. (నిజంగా విసిరేవారా అని అడిగాను. నవ్వి వూరుకున్నారు.)

ఈ రెండరింగ్ గొడవలో పడ్డవాళ్ళు ముందు చూసుకోవలసింది ఇదే. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, తలో చోట ఆగుతోందా? ఒకే చోట ఆగితే తప్పు ఆ చోటే వుంది. అక్కడున్న క్లిప్పో, ఎఫెక్టో, ఫొటోనో, అక్షరమో చూడాలి. తలోసారి తలో చోట ఆగితే తప్పు చిత్రంలో లేదు. యంత్రంలో వుంది. వేడి, మెమరీ, డిస్కులో చోటు, గ్రాఫిక్స్ కార్డు... వీటిలో ఏదో ఒకటి. ఈ ఒక్క ముక్క తెలియక రాత్రంతా సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేసుకునేవాళ్ళు వీధికి నలుగురున్నారు.

చోటు కనిపించకపోతే? కొన్నిసార్లు కిటికీలో బొమ్మ రాదు. అప్పుడు సగానికి కొయ్యండి. మొదటి ఏడు నిమిషాలు విడిగా రెండర్ చెయ్యండి. బాగా వచ్చిందా, దోషం రెండో సగంలో వున్నట్టు. దాన్నీ సగం చెయ్యండి. 14 నిమిషాల చిత్రమైతే నాలుగు కోతల్లో 52 సెకన్ల ముక్కకి వచ్చేస్తారు. ఆ ముక్కలో దొంగ దొరక్కుండా పోడు.

అమ్మమ్మ పెళ్ళి ఫొటో

8 నిమిషాల 49వ సెకను దగ్గర ఏముంది? ఒక ఫొటో!

కథలో పెద్దావిడ తన పెళ్ళినాటి సంగతులు తలుచుకుంటుంది. అక్కడ నలుపు తెలుపు పెళ్ళి ఫొటో ఒకటి మెల్లగా దగ్గరికొస్తుంది. ఆ ఫొటో దర్శకుడి సొంత అమ్మమ్మది. వూళ్ళో గోడమీంచి దింపి, ఫ్రేము విప్పి, జాగ్రత్తగా పట్నం తెచ్చి స్కాన్ చేయించాడు. అసలా చిత్రం కథే ఆవిడ చెప్పిన కథ.

“ఆ షాట్ లేపేద్దాం మామా. పది సెకన్లే కదా” అన్నాడు కెమెరా కుర్రాడు.

“అది లేపేస్తే సినిమాయే లేదురా” అన్నాడు దర్శకుడు. గొంతు కొంచెం వణికింది. గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎడిటర్ కుర్రాడు ఆ ఫొటో మీద నొక్కి కొలతలు చూశాడు. చూసి “ఓరి దేవుడో!” అన్నాడు. ఆరంగుళాల అడ్డం, నాలుగంగుళాల నిలువు వున్న ఫొటోని స్కాన్ చేసేవాడు అంగుళానికి 2,400 చుక్కల చొప్పున చేసి ఇచ్చాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు లెండి. దాంతో ఫొటో 14,400 చుక్కల అడ్డం, 9,600 చుక్కల నిలువు అయ్యింది. మొత్తం 13 కోట్ల 82 లక్షల చుక్కలు! చిత్రంలో ఒక ఫ్రేముకి కావలసినది 20 లక్షల పైచిలుకు. అంటే 66 రెట్లు ఎక్కువ.

ఫైలుగా చూస్తే అది చిన్నదే, జేపెగ్‌లో నలిగి వుంటుంది. కానీ రెండర్ చేసేటప్పుడు దాన్ని పూర్తిగా విప్పాలి. రంగులు సూక్ష్మంగా లెక్కగట్టే పద్ధతిలో చుక్కకి 16 బైట్లు పడుతుంది. అలా ఈ ఒక్క ఫొటోకే 2.2 జీబీ. పైగా అందం కోసం అదే ఫొటోని వెనక మసకమసకగా ఇంకోసారి పెట్టారు. రెండూ కలిసి 4.4 జీబీ. ఆ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మెమరీ మొత్తం 4 జీబీ. చెంబులో బిందెడు నీళ్ళు పోశారన్నమాట!

మరి ఎడిట్ చేసేటప్పుడు బాగానే ఆడింది కదా? ఆడుతుంది. ఎందుకంటే అప్పుడు పావు వంతు నాణ్యతతో చూస్తున్నారు. రెండర్ మాత్రం పూర్తి నాణ్యతతో జరుగుతుంది. రిహార్సల్స్‌లో అందరూ నటులే, కెమెరా తిరిగినప్పుడే తేలేది!

ఫొటోని 3,840 చుక్కల అడ్డానికి తగ్గించారు. రెండింతలు దగ్గరికి లాగినా మసకబారదు. మెమరీలో 157 ఎంబీ చాలు. ఫొటో అక్కడే వుంది, అమ్మమ్మ అక్కడే వుంది. ఏడూ యాభైకి మళ్ళీ మీట నొక్కారు. 62... 63... 64! గదిలో ఈలలు. మొదటిరోజు మొదటి ఆటలో హీరో తెరమీదికొచ్చినట్టే!

మళ్ళీ ఆగింది

78 దగ్గర లాప్‌టాప్ ఠపీమని ఆరిపోయింది. సాఫ్ట్‌వేర్ కాదు, మొత్తం యంత్రమే!

పెద్దాయన వెంటనే “ఇంకో ఫొటో వుందేమో చూడు” అన్నారు. ఫొటోలేమీ లేవు. మళ్ళీ నొక్కారు. ఈసారి 71 దగ్గర ఆరింది. ఎడిటర్ కుర్రాడు కాగితం మీద రెండు అంకెలూ పక్కపక్కన రాసి, పెద్దాయనకి చూపించాడు. “గురువుగారూ, ఇది చిత్రంలో లేదు. మెషీన్‌లో వుంది.” అంకుల్ పోయి గురువుగారు ఎప్పుడయ్యారో నేను గమనించనేలేదు!

లాప్‌టాప్ ఎక్కడుంది? పరుపు మీద. దానికింద దుప్పటి. అడుగున గాలి పీల్చే రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. పైన రేకుల కప్పు, మే నెల. చెయ్యిపెడితే కాలుతోంది. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగం తనే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా ఆరిపోతుంది. ఆత్మరక్షణ! టేబుల్ ఖాళీ చేశారు. ఇంజనీరింగ్ పుస్తకాలు రెండు తెచ్చి నాలుగు మూలలూ ఆనేలా కింద పెట్టి, మధ్యన గాలికి దారి వదిలారు. ఫ్యాను మనుషుల వైపు నుంచి యంత్రం వైపు తిరిగింది. మేం చెమటలు కక్కాం. “ఆ పుస్తకాలు పనికొచ్చింది ఇదే మొదటిసారి” అన్నాడు కరీంనగర్ అబ్బాయి.

తొమ్మిదికి మళ్ళీ మొదలు. ఈలోగా కబుర్లు. తలోచోట ఆగే రోగానికి ఇంకా ఏవేవి కారణాలో ఎడిటర్ కుర్రాడే చెప్పుకొచ్చాడు. గ్రాఫిక్స్ కార్డుని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. అది పాతబడినా గొడవే, నిన్నగాక మొన్న వచ్చిన కొత్తదైనా ఒక్కోసారి గొడవే. అలాంటప్పుడు గ్రాఫిక్స్ కార్డుని పక్కనపెట్టి ప్రాసెసర్ ఒక్కదానితోనే రెండర్ చెయ్యమని సెట్టింగుల్లో చెప్పొచ్చు. ప్రీమియర్ ప్రోలో ఆ వీలుంది. ఆలస్యమవుతుంది గానీ చాలాసార్లు గట్టెక్కుతుంది. డిస్కు నిండిపోయినా ఆగుతుంది. అన్నట్టు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ‘క్యాష్’ అని ఒకటి దాస్తూ వుంటాయి. డబ్బనుకుని సంబరపడకండి. త్వరగా చూపించడానికి తయారుచేసి పెట్టుకున్న పాత ముక్కలవి. పదుల జీబీలు పెరిగిపోతుంది. అప్పుడప్పుడు వూడ్చెయ్యాలి. మీ అసలు క్లిప్పులకేమీ కాదు.

కెమెరా కుర్రాడు తన గొడవ తను చెప్పాడు. సగం చిత్రం ఫోనుతో తీశారు. ఫోను సెకనుకి 30 ఫ్రేములంటుంది గానీ మాట మీద నిలబడదు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తుంది, పెరిగితే పెంచుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం సమానంగా వున్నాయనుకుని లెక్కవేస్తుంది. దాంతో పొడుగు షాట్లలో పెదవులు ముందు, మాట వెనక! డబ్బింగ్ చిత్రంలా తయారైంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ క్లిప్పులన్నిటినీ ఒకే స్థిరమైన వేగానికి మార్చుకుని, అప్పుడు ఎడిటింగ్‌కి కూర్చున్నారు. ఎడిట్ అయిపోయాక తెలిస్తే మాత్రం ఏడుపే.

ఫోనులూ, చిన్న కెమెరాలూ ఎక్కువగా రాసేది హెచ్.264 పద్ధతిలో. 2003లో వచ్చింది. ఇది పొదుపరి. ఒక ఫ్రేముని పూర్తిగా రాసి, తర్వాతి వాటిలో మారినది మాత్రమే రాస్తుంది. మన అసిస్టెంటు డైరెక్టర్ కంటిన్యుటీ పుస్తకంలో ‘అదే చీర, అదే కుర్చీ, గ్లాసు మాత్రం ఎడంచేతిలోకి వచ్చింది’ అని రాసుకున్నట్టు. చూడ్డానికి హాయి. కానీ మధ్యలో ఎక్కడో ఒక ఫ్రేము కావాలంటే వెనక్కి వెళ్ళి పూర్తి ఫ్రేము దగ్గర్నించి చదువుకుంటూ రావాలి. ఎడిటింగ్ బల్ల మీద అది నరకం. అందుకే పెద్ద చిత్రాలవాళ్ళు ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ లాంటి పద్ధతుల్లోకి మార్చుకుంటారు. వాటిలో ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము పూర్తిగా వుంటుంది. ఫైలు కొండంత అవుతుంది, పని మాత్రం నీళ్ళలా సాగుతుంది.

పెద్దాయన ఇవన్నీ శ్రద్ధగా విన్నారు. “అయితే మాకున్నది మంచిదే. ప్రతి ఫ్రేమూ పూర్తి ఫ్రేమే!” అన్నారు.

ఇక్కడ నాకు తెలిసిన హాలీవుడ్ ముచ్చట ఒకటి నేనూ వేశాను. 1995లో వచ్చిన ‘టాయ్ స్టోరీ’ని రెండర్ చెయ్యడానికి పిక్సార్ వాళ్ళు 117 కంప్యూటర్లు రాత్రీ పగలూ నడిపారు. కొన్ని ఫ్రేములకి 45 నిమిషాలు, కొన్నిటికి 30 గంటలు! యానిమేషన్ వాళ్ళు ఒకే ఫైలుగా కాకుండా ఒక్కో ఫ్రేముని ఒక్కో బొమ్మగా రెండర్ చేస్తారు. మధ్యలో ఆగితే ఆగిన ఫ్రేము నుంచే మళ్ళీ మొదలెట్టొచ్చు. మనమూ చెయ్యొచ్చు, ముఖ్యంగా గ్రాఫిక్స్ ఎక్కువున్న షాట్లకి. అదే సంస్థలో 1998లో ‘టాయ్ స్టోరీ 2’ పనిలో వుండగా ఎవరో పొరపాటున ఒక కమాండ్ కొడితే చిత్రం ఫైళ్ళలో చాలాభాగం చెరిగిపోయాయి. బ్యాకప్ చూస్తే అదీ సరిగ్గా లేదు. సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సుస్మన్ పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి దగ్గర పనిచేసుకోవడానికి ఒక కాపీ పెట్టుకున్నారు. ఆ కాపీయే ఆదుకుంది.

ఈ కథ వినగానే దర్శకుడు లేచి, ప్రాజెక్టు ఫైలు ఎక్కడెక్కడుందని అడిగాడు. ఒకే చోట వుంది! మళ్ళీ అందరి మొహాలూ పాలిపోయాయి. అప్పటికప్పుడు కాపీ చేద్దామన్నారు గానీ, రెండర్ జరుగుతుంటే ముట్టుకోవద్దని ఆపాను.

దర్ శకత్ వం!

9 గంటల 35 నిమిషాలకి నూరు శాతం. పూర్తయింది! కేకలు. కౌగిలింతలు. పెద్దాయన మాత్రం లేవలేదు. “చూడరా ముందు. కాపీ వచ్చాక మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా చూడకుండా డబ్బా బయటికి పంపకూడదు” అన్నారు.

చూశాం. 14 నిమిషాలూ చూశాం. అమ్మమ్మ ఫొటో దగ్గర నా కళ్ళూ చెమర్చాయి, దాచడమెందుకు? చివర్లో టైటిల్స్ వచ్చాయి. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, “అదేమిటి? ‘దర్ శకత్ వం’ ఏమిటి?” అన్నారు.

నిజమే! తెరమీద తెలుగు ముక్కలు ముక్కలైపోయింది. ‘దర్శకత్వం’లో వత్తులన్నీ వూడిపోయి, అక్షరాలు బారుగా నిలబడ్డాయి. ఇది రెండర్‌లో వచ్చిన తప్పు కాదు. మొదట్నించీ అలాగే వుంది. మూడు నెలల్లో ఎవరూ చదవలేదు! దర్శకుడి పేరు సరిగ్గా పడిందా అని మాత్రం నలుగురూ చూసుకున్నారు.

తెలుగువాళ్ళకి ఈ బాధ ప్రత్యేకం. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేరిస్తే చాలు. మనకి వత్తు కిందికి వెళ్ళాలి, గుడి పైకి వెళ్ళాలి, ఒక అక్షరం ఇంకో అక్షరంతో కలిసి రూపం మార్చుకోవాలి. ఆ కలపడం తెలిసిన సాఫ్ట్‌వేర్ వుంటేనే తెలుగు తెలుగులా కనిపిస్తుంది. ప్రీమియర్ ప్రోలో అక్షరాల సెట్టింగుల్లోకి వెళ్ళి దక్షిణాసియా లిపుల పద్ధతిని ఎంచుకోవాలి. మామూలుగా వుండేది వేరేది. ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్ల సంగతి ఇంకో రకం. అవి యూనికోడ్ కావు. ఒకదానిలో కొట్టింది ఇంకోదానిలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అన్నిటికన్నా సులువైన దారి మన కుర్రాళ్ళు ఎంచుకున్నారు. తెలుగు సరిగ్గా కనిపించే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ కొట్టి, వెనక ఏమీ లేని పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా దాచి, దాన్ని తెచ్చి పెట్టారు. బొమ్మకి వత్తులు వూడవు కదా!

మరి మళ్ళీ మొత్తం రెండరా? మళ్ళీ ఆ వేడీ, ఆ భయమా?

ఇక్కడ కరీంనగర్ అబ్బాయి అసలైన ఎడిటర్ అనిపించుకున్నాడు. ఎలాగూ ఇంకో చిక్కు వుంది. తయారైన ఫైలు 5,250 ఎంబీ. నాణ్యత బావుండాలని సెకనుకి 50 మెగాబిట్ల చొప్పున చేశారు. గదిలో నెట్ పైకి పంపే వేగం సెకనుకి 5 మెగాబిట్లు. పంపడానికి 2 గంటల 20 నిమిషాలు పడుతుంది, గడువు దాటిపోతుంది! పక్క వీధిలో స్నేహితుడి నెట్ బాగుంటుందని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించబోతే ‘ఫైలు మరీ పెద్దది’ అంది. 32 జీబీ పెన్‌డ్రైవ్, అదీ ఖాళీది! అది ఫ్యాట్32 పద్ధతిలో వుందని తర్వాత తేలింది. ఆ పద్ధతిలో ఎంత చోటున్నా ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు.

కుర్రాడు ఏం చేశాడంటే, తయారైన 14 నిమిషాల ఫైలునే మళ్ళీ కొత్త టైమ్‌లైన్ మీద పెట్టాడు. ఒకే క్లిప్పు, ఎఫెక్టులు లేవు, ఫొటోలు లేవు. చివర తప్పున్న టైటిల్ మీద కొత్త బొమ్మ కప్పాడు. ఈసారి సెకనుకి 10 మెగాబిట్లు. ఒకసారి నలిగినదాన్ని మళ్ళీ నలిపితే కాస్త నాణ్యత పోతుంది. నిజమే. కానీ మొదటిది 50లో వుంది కాబట్టి కంటికి తేడా తెలియలేదు. 12 నిమిషాల్లో పని పూర్తి. ఫైలు 1,050 ఎంబీ. పంపడానికి 28 నిమిషాలు!

పెద్దాయన మళ్ళీ చూడాలన్నారు. మొత్తం కాదు, ఫొటో దగ్గరా, చివరా. చూశారు. “దర్శకత్వం” అని పైకి చదివారు. తల వూపారు. కిందికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “రేపు ఆ డైలాగు ఇంకోసారి వినిపించారంటే ఇల్లు ఖాళీ చేయిస్తాను” అన్నారు. ఆయనా అద్దెకున్నవారేనట!

అప్‌లోడ్ 11 గంటల 18 నిమిషాలకి పూర్తయింది. అప్పుడు కాపీ చేశారు ప్రాజెక్టు ఫైలుని, రెండు చోట్ల.

దర్శకుడు మేడ మీదికి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు. అర్ధరాత్రి ఫోనేమిటని అమ్మ కంగారుపడ్డట్టుంది. “ఏం లేదమ్మా, సినిమా పంపించేశాం” అన్నాడు. అవతల్నించి ఏదో అడిగారు. కుర్రాడు నవ్వాడు.

“వుందమ్మా. ఫొటో భద్రంగానే వుంది. ఫ్రేము కట్టించి ఆదివారం తెస్తాలే.”